డోలు వైపు వాల్వు

"ఈ వయసులో మాట వినపడితే చాలు కదండీ. పాటెందుకు?" అన్నారు బందరులో చెవుల డాక్టరు గారు.

ఆయన మంచి మనిషే. నవ్వుతూనే అన్నారు. నన్ను గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, రెండు చెవులకీ వేర్వేరుగా కూతలు వినిపించి, ఒక కాగితం మీద రెండు గీతలు గీసి ఇచ్చారు. కుడి చెవి గీత అరవై ఏడేళ్ల మనిషికి ఎలా ఉండాలో అలాగే ఉంది. ఎడమ చెవి గీత రేవు మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది. నేను పత్రికలో చేరిన కొత్తలో టెలిప్రింటర్ నా బల్లకి ఎడమ పక్కన ఉండేది. అది ఆగకుండా టకటకమంటూనే ఉండేది. దాని పని అది చేసింది.

ఎడమ చెవికి మిషన్ పెట్టారు. అబద్ధం చెప్పకూడదు, మాటలకి అది బాగా పనికొచ్చింది. వంటింట్లోంచి మా ఆవిడ రెండోసారి పిలవక్కర్లేకపోయింది. గుడివాడ బస్టాండులో కండక్టర్లు అరిచే ఊళ్ల పేర్లు విడివిడిగా తెలిశాయి. కానీ మాటలు వినడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్లు మాటలు విని, వాటిని సగానికి కోసి, శీర్షిక పెట్టి పంపినవాణ్ని. రిటైరయ్యాక నేను వినాలనుకున్నవి మాటలు కావు.

నా దగ్గర ఒక క్యాసెట్ ఉంది. దివిసీమలో మా అమ్మ పుట్టిన ఊళ్లో, శివాలయంలో కల్యాణం జరిగిన మధ్యాహ్నం తీసింది. సన్నాయి ఆయన కుడివైపు, డోలు ఆయన ఎడమవైపు, ఎదురూబొదురూ కూర్చున్నారు. మైకు సెట్టు కట్టడానికి బందరు నుంచి వచ్చిన సాయిబు గారు ఒక్కొక్కరి ముందు ఒక్కో మైకు పెట్టి, రెండు పక్కలూ విడివిడిగా రికార్డు చేశారు. ఆ రోజుల్లో అది పెద్ద విశేషం. తర్వాత క్యాసెట్‌ని ఫోన్‌లోకి ఎక్కించుకుని, ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అందులో ఇప్పుడు డోలు లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకోవాలంటే చెవి మిషన్ తీసేయాలి. తీసేస్తే డోలు పోతుంది. మిషన్ ఉంచుకుని స్పీకర్లో వింటే డోలు ఉంటుంది గానీ, పక్కింటి డాబా మీద ఎవరో పరుపు దులుపుతున్నట్టు ఉంటుంది. సన్నాయి ఒక్కటే కుడిపక్కన, తోడులేని మనిషిలా, తనలో తను ఊదుకుంటూ పోతుంది.

నాకు డోలు కావాలి. డాక్టరు గారికి ఇదే చెప్పాను. ఆయన తల పంకించి, "హెడ్‌ఫోన్ సౌండు తక్కువలో పెట్టుకునేట్టయితే మీ ఇష్టం" అన్నారు.

మా ఆవిడ తమ్ముడు మా వీధి చివరే ఉంటాడు. ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలకి ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాడు. ప్రతి సమస్యకీ అతని దగ్గర పరిష్కారం ఉంటుంది. అదే అతనితో ఉన్న ఇబ్బంది.

"రెండు చానెళ్లూ కలిపేస్తే పోలా బావా? ఫోన్‌లో ఒక్క నొక్కు. డోలు కూడా కుడి చెవిలోకి వచ్చేస్తుంది."

"వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని వాయించారోయ్. ఇప్పుడు తీసుకెళ్లి ఒకళ్ల ఒళ్లో ఒకళ్లని కూర్చోబెట్టమంటావా?"

"పోనీ బ్యాలెన్సు ఎడమకి జరుపు."

జరిపి చూశాను. అది సన్నాయిని అణిచింది గానీ డోలుకి ఇచ్చిందేమీ లేదు. మొత్తం మీద ధ్వని పెంచుకుంటే ఎంతో కొంత పనిచేసేదే, ఒప్పుకుంటాను. పనిచేసేదల్లా వాడి తీరాలని ఎక్కడా రాసి లేదు.

నా మనసులో వేరే సంగతి ఉంది. నా చిన్నప్పుడు ఆ ఊళ్లో కరెంటు లేదు. పంచాయతీ గదిలో బ్యాటరీలతో నడిచే వాల్వుల రేడియో ఉండేది. బల్బుల్లాంటి గాజు వాల్వులు, ఒక్కోటి బొటనవేలంత. సాయంత్రం పొలాల కార్యక్రమానికి ముందు మేళం వేసేవారు. డోలుని నేను మొదట విన్నది గుళ్లో కాదు, ఆ చెక్కపెట్టెలో. తోలు మీద పుల్ల పడడం, వేళ్ల తొడుగులు పడడం వేరువేరుగా వినపడేవి. తర్వాత వచ్చిన ఏ పెట్టెలోనూ నాకు ఆ తేడా అంత బాగా తెలియలేదు. ఇది వయసు చేసే మాయ అని మా బావమరిది అంటాడు. కావచ్చు. మాయని కూడా పరీక్ష చేసి చూడొచ్చు కదా.

వాల్వులతో హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్లు కట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారని ఫోన్‌లో చూసి తెలుసుకున్నాను. చెవికొక్క వాల్వు చాలట. ఆ మాట చెప్పగానే మా బావమరిది, "గుర్రబ్బండికి హెడ్‌లైటు పెట్టించుకుంటావా బావా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే బందరు బస్సెక్కాను.

ఆ క్యాసెట్ తీసిన సాయిబు గారు ఇప్పుడు మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తున్నారు. కొట్టు అదే, బల్ల అదే. నన్ను చూసి లేచి నిలబడి, స్టూలు మీది మిక్సీ జారు కిందపెట్టి, "కూర్చోండి విలేకరి గారూ. ఏదైనా కాలిందా?" అన్నారు.

సంగతి విన్నాక లోపలికెళ్లి ఒక చెక్కపెట్టె తెచ్చారు. "మా గురువు గారిదండీ. దివిసీమలో పంచాయతీ రేడియోలు చాలా వరకూ ఆయన చేతిమీదే నడిచేవి. సైకిలు మీద తిరిగి చూసొచ్చేవారు. ఇవన్నీ వాటికోసం కొన్న వాల్వులు. మీకు సరిగ్గా ఇవే కావాలి. బ్యాటరీ వాల్వులు కదా, ఒక టార్చిలైటు సెల్లుతో వెలుగుతాయి. పవరు తక్కువ. చిన్న స్పీకరుకి సరిపోయేంత ఇస్తాయి. హెడ్‌ఫోన్‌కి అందులో వందోవంతు కూడా అక్కర్లేదు. సౌండు తక్కువలో ఉంచుకుంటే చెవికి హాని ఉండదు."

పెట్టె తెరిచారు. దూది మధ్య వరసగా చిన్న చిన్న వాల్వులు. ప్రతి దాని నెత్తినా ఎండిన గంధం బొట్టు. ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాను. గాజు మీద అక్షరం ముక్క లేదు. ఇంకోటి తీశాను. అదీ అంతే.

"సాయిబు గారూ, నంబర్లేవండీ?"

"భక్తిలో పోయాయండి" అన్నారాయన.

ఆయన గురువు గారు విశ్వబ్రాహ్మణులు. దసరాకి పనిముట్లతో పాటు వాల్వుల్ని కూడా తడిగుడ్డతో తుడిచి గంధం పెట్టేవారు. ఆయన పోయాక సాయిబు గారు ఆ పని మానలేదు. ఏటా పెట్టె దించి, పాత బొట్టు తుడిచి, కొత్త బొట్టు పెడుతూ వచ్చారు. వాల్వు మీద నంబరు పల్చటి అచ్చు. గట్టిగా రుద్దితే ఒక్క దసరాకే పోతుంది.

"పెట్టె నాకిచ్చారు గానీ పూజ నాకివ్వలేదు కదా అని ఊరుకుంటే ఎలాగండీ? ఆయన చేసినట్టే చేశాను. నంబర్లు పోతున్నాయని నాలుగో ఏటో ఐదో ఏటో చూశాను. అప్పటికే సగం పోయాయి. సగానికి చేసి సగానికి మానితే బాగుండదని..."

నేను నవ్వలేకపోయాను. పత్రికలో ఇంతకంటే తెలివైన తప్పులు చూశాను, ఇంత మర్యాద గల తప్పు చూడలేదు.

ఇక ఎంపిక మొదలైంది. బొట్లు తుడవాల్సి వచ్చింది, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. మంచి వాల్వు నెత్తిన లోపలివైపు వెండిపూత మచ్చ ఉంటుంది. లోపలికి గాలి చొరబడితే ఆ వెండి పాలలా తెల్లబడుతుంది, వాల్వు చచ్చినట్టు లెక్క. మాకు కనపడుతున్న తెలుపు గంధమో గాలో తుడిస్తే గానీ తెలియదు. సాయిబు గారు ఒక్కోటీ తుడిచి వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "గంధం" అనో "గాలి" అనో అనేవారు. గాలి అన్నప్పుడు గొంతు తగ్గించేవారు.

మిగిలినవాటిలో స్పీకరుని నడిపే వాల్వులు ఏవో పట్టుకోవాలి. దానికి ఆయనొక కొండగుర్తు చెప్పారు. వాటి ఏడు కాళ్లలో వేడెక్కే తీగ మూడింటికి కలిసి ఉంటుంది. మిగతా రకాలకి రెండింటికే. మీటరు పెట్టి చూస్తే నాలుగు దొరికాయి. వాటిని ఒక్కొక్కటే పాత సెట్టులో పెట్టి, చెవిలో ఇయర్‌పీసు పెట్టుకుని, పెన్సిలు వెనకవైపుతో గాజు మీద మెల్లిగా కొట్టారు. ఒకటి గంటలా మోగింది. "ఇది పనికిరాదండి. మీరు కుర్చీ జరిపితే కూడా పాడుతుంది" అని పక్కన పెట్టారు. మిగిలింది మూడు. వాటి గుండా ఎంత కరెంటు పారుతోందో కొలిచారు. రెండింటిలో ఐదేసి మిల్లీ ఆంపియర్లు, మూడోదానిలో మూడు.

"ఈ రెండూ జోడీ. మూడోది అలిసిపోయింది, ఊరికే ఉంచుకోండి. పది రోజుల్లో ఆంప్లిఫయర్ పెట్టె కడతాను."

వాల్వులు ఆయన దగ్గరే ఉండాల్సింది. మా బావమరిదికి చూపించాలన్న ఆబతో నేనే అడిగి తెచ్చుకున్నాను. తప్పు నాది. ఆ సాయంత్రం అతను వచ్చి, కళ్లజోడు సవరించుకుని, ఒక వాల్వుని చాలాసేపు పరిశీలించాడు.

"అసలు వెలుగుతుందా ఇది?"

"సాయిబు గారు చూశారుగా."

"ఆయన చూడడం వేరు, మనం చూడడం వేరు."

నేను మంచినీళ్లకి లోపలికెళ్లి వచ్చేలోపు అతను ఒక పాత చార్జరు తీగ కోసి, రెండు కొసలూ వాల్వు కాళ్లకి ఆనించాడు. గుమ్మంలోంచి చూస్తుండగా గాజులో సన్నగా ఒక పసుపు మెరుపు వచ్చి ఆరిపోయింది. నేను చిన్నప్పుడు ఎప్పుడూ చూడనంత అందంగా వెలిగింది. ఒక్క సెల్లుతో వెలిగే తీగకి ఐదు వోల్టులు ఎక్కిస్తే అలాగే వెలుగుతుంది, ఒక్కసారి.

"ఐదు వోల్టులేగా బావా" అన్నాడు చిన్నగా.

"పాతికేళ్లు పాఠం చెప్పావు."

"మా సిలబస్‌లో వాల్వు ఒక్క పేజీ. అది కూడా పరీక్షకి రాదు."

పోయింది జోడీలో ఒకటి. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. కూర్చున్నచోటే ఫోన్ తీసి, విదేశాల నుంచి తెప్పించే జతలు చూపించాడు. ఒకేలా పలికేట్టు యంత్రం మీద పోల్చి చూసి డబ్బాలో పెట్టిన జతలు. "నేనే తెప్పిస్తాను బావా. నెల రోజుల్లో వస్తాయి. లేకపోతే ఇవన్నీ మానేసి మంచి కొత్త హెడ్‌ఫోన్ కొనుక్కో."

సాయిబు గారికి ఫోన్ చేశాను. పోయింది జోడీలోదేనా అని ఆయన రెండుసార్లు అడిగారు. తర్వాత అన్నారు: "జోడీ లేకుండా నేను కట్టనండీ. ఒక పక్క గట్టిగా, ఒక పక్క నీరసంగా వస్తే పెట్టె కట్టినవాణ్ని అంటారు గానీ వాల్వుని అనరు. తెప్పించండి, అప్పుడు చూద్దాం."

అందరూ చెప్పింది ఒకటే. ఆగు, తెప్పించు, లేదా మానెయ్. నాకు ఇలాంటి ఏకాభిప్రాయం అంటే ఎప్పుడూ పడదు. నలుగురు ఒకే మాట చెప్పినప్పుడు ఐదోవాణ్ని వెతుక్కుంటూ వెళ్లడమే నాకు నేర్పిన పని. మూడో రోజున మిగిలిన రెండు వాల్వులూ, గట్టిదీ అలిసిపోయినదీ, దూదిలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని మళ్లీ బస్సెక్కాను. ఏం చెప్పాలో తెలియదు. ఊరికే బతిమాలదామనుకున్నాను.

గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు ఎక్కారు. ఇద్దరమ్మాయిలు నా ముందు సీట్లో కూర్చుని, ఒక్క ఇయర్‌ఫోన్ తీగని చెరొకటి పెట్టుకున్నారు. ఒకమ్మాయి, "నీ వైపు గట్టిగా వస్తుందే, మార్చు" అంది. రెండో అమ్మాయి, "నీకు చెవుడు, నీదే నువ్వుంచుకో" అంది. కాసేపటికి మార్చుకున్నారు. మొదటి అమ్మాయి తృప్తిగా తల వెనక్కి వాల్చింది.

పెడన దాటాక సంచీలోంచి డాక్టరు గారి కాగితం తీశాను. రెండు గీతలు. ఒకటి పైన, ఒకటి రేవులో. ఆ కాగితాన్ని బందరు వచ్చేదాకా మడవలేదు.

కొట్లోకి వెళ్లి, నమస్కారం కూడా పెట్టకుండా, కాగితం బల్ల మీద పరిచాను. దాని పక్కన రెండు వాల్వులూ పెట్టాను.

సాయిబు గారు గీతల వైపు వంగి చూశారు. "ఇది ఏ వాల్వుదండీ?"

"నాదే. పైది కుడి, కిందది ఎడమ."

ఆయన వేలితో ఎడమ గీత మీద మెట్లన్నీ దిగారు. "ఇక్కడేమీ లేదే."

"లేదు. జోడీ వాల్వులు జోడీ చెవులకి కదండీ. నావి జోడీ కావు. అలిసిపోయింది కుడికి పెట్టండి. గట్టిది ఎడమకి పెట్టండి."

"అది తప్పండీ."

"నా చెవులూ తప్పేగా."

ఆయన ఒప్పుకోలేదు. ఇలా కట్టిన పెట్టె ఎవరి చేతిలోనైనా పడితే తన పేరు పోతుందన్నారు. ఎవరి చేతిలోనూ పడనివ్వనన్నాను. బేరం అక్కడే ఆగిపోయింది. అప్పుడు, వాదన కోసం కాదు, ఊరికే అడిగినట్టు ఆయన, "ఇంతకీ మీరు వినాలనేది ఏమిటండీ?" అన్నారు.

ఫోన్ తీసి పెట్టాను. రెండు నిమిషాలు విన్నారు. వేళ్లు బల్ల మీద కదిలాయి.

"ఇది శివాలయంలో నేను తీసిందే."

"అదే."

"డోలు మైకు ఎడమకి పెట్టింది నేను. స్టాండు లేకపోతే ఎర్ర కుర్చీకి తాడుతో కట్టాను." కాగితం వైపు మళ్లీ చూశారు. "అంటే ఇన్నాళ్లుగా నేను పెట్టిన ఆ మైకు మీకు వినపడట్లేదా?"

"లేదండీ."

ఆయన పని చేస్తున్న మిక్సీని బల్ల మీంచి దించి కింద పెట్టారు.

పది రోజులన్నది వారంలో అయింది. చెక్కపలక మీద రెండు వాల్వులు, పాత రేడియోల్లోంచి తీసిన రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, వేడికి ఒక టార్చి సెల్లు, పక్కన ఒకదాని నోట్లో ఒకటి కరిపించిన తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పది. "తొంభై వోల్టులండోయ్. తడి చేత్తో ముట్టుకుంటే సన్నాయి మీరే ఊదుతారు" అన్నారు. పైన రేకు మూత వేశారు. వాల్వులు రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, నంబర్లు లేవు. తీసి తుడిచినప్పుడు తారుమారైతే కష్టమని ఆయన లోపలికెళ్లి సాన తెచ్చి, గంధం అరగదీసి, గట్టి వాల్వు నెత్తిన ఒక బొట్టు పెట్టారు. "బొట్టున్నది ఎడమకి. దసరాకి మాత్రం తుడవకండి."

ఇంటికి తెచ్చి, భోజనాలయ్యాక, ముందుగదిలో ఫ్యాను ఆపి కూర్చున్నాను. మొదట సన్నాయి వచ్చింది, ఎప్పటిలాగే కుడిపక్కన, కొంచెం మెత్తబడి. తర్వాత ఎడమపక్క ఎవరో వచ్చి కూర్చున్నట్టయింది. ఆ చెవిలో పుల్ల దెబ్బలు కొన్ని ఇంకా మొద్దుగానే ఉన్నాయి. చెవిలో చచ్చిపోయినదాన్ని వాల్వు బతికించదు, అంత అబద్ధం నేను రాయను. కానీ తోలు తోలులా ఉంది. పుల్ల ఒకటి, వేళ్లు ఒకటి. సన్నాయి ఆయన ఒక పలుకు వదిలితే ఎదురుగా ఉన్న మనిషి అందుకున్నాడు. ఇద్దరూ మళ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు.

రాగం మారే చోట చిన్న విరామం ఉంది. ఎప్పుడూ అది ఖాళీయే అనుకున్నాను. ఈసారి అక్కడ డోలు ఆయన గొంతు సవరించుకుని, "మెల్లిగా వాయించు బావా, మన బస్సు నాలుగింటికి గానీ లేదు" అన్నాడు. నేను ఆపి, వెనక్కి తిప్పి, నాలుగుసార్లు విన్నాను. క్యాసెట్ ఇంట్లో ఉన్నన్నేళ్లూ ఆ మనిషి ఆ మాట అంటూనే ఉన్నాడు.

సాయంత్రం మా బావమరిది వచ్చాడు. అడక్కుండానే హెడ్‌ఫోన్ తీసి తలకి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని కాసేపు విని, మొహం చిట్లించాడు.

"బావా, ఇదేంటి, డోలు మీద పడిపోతోంది. సన్నాయి ఎక్కడో రోడ్డు అవతల ఉంది. సాయిబు గారు తప్పు కట్టారు."

"సరిగ్గానే కట్టారు."

"ఎక్కడ సరిగ్గా? ఎవరు విన్నా ఇదే అంటారు."

"ఎవరూ వినక్కర్లేదు."

"అది కాదు బావా, చిన్న పని. సెల్లు తీసేసి ఈ రెండూ అటూ ఇటూ మార్చేస్తే..." అంటూ రేకు మూత మీద చెయ్యి వేశాడు.

పెట్టెని నా వైపు లాక్కున్నాను.

"బొట్టున్నది డోలు వైపు. ముట్టుకోకు."